చదువుకుంటూ పని చేస్తున్నారా? పని గంటలు, ప్రైవసీ రూల్స్ మీద మేనేజర్‌తో ఎలా వాదించాలి (బెంగళూరు స్టూడెంట్స్ కోసం)

బెంగళూరులో చదువుకుంటూ పని చేసే మన పిల్లల సంగతి అందరికీ తెలిసిందే. మారతహళ్లిలోనో బీటీఎంలోనో పీజీ, పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఏదో ఒక కంపెనీలో తెలుగు ప్రాసెస్ (తెలుగు కస్టమర్ల కాల్స్ చూసే పని), లేదంటే ఎడ్‌టెక్‌లో టెలికాలింగ్, మాల్‌లో బట్టల షాపు, పది నిమిషాల డెలివరీ వాళ్ల గోడౌన్‌లో ప్యాకింగ్. జీతం ఎంతో చేరేముందే అడిగి తెలుసుకుంటారు. షిఫ్ట్‌కి పావుగంట ముందే రమ్మనడం, ఫోన్ లాకర్‌లో పెట్టమనడం, లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలనడం, సెలవు కావాలంటే డాక్టర్ చీటీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టమనడం మాత్రం చేరాక మెల్లగా ఒక్కొక్కటీ బయటికొస్తాయి. అప్పుడు చాలామంది చేసేవి రెండే. కొన్నాళ్లు నోరు మూసుకుని భరించడం, ఆ తర్వాత ఒకరోజు కోపంలో టీఎల్ (టీమ్ లీడర్) మీద అరిచేసి మానేయడం.

కూర్చుని వాదించే దారి ఒకటి ఉంది. నేను డిగ్రీలో ఉండగా తెలుగు ప్రాసెస్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని పని చేశాను, ఇప్పుడు అలాంటి పిల్లలకే రోస్టర్, అంటే ఎవరికి ఏ షిఫ్టో చెప్పే పట్టిక, వేసే పని నాది, కాబట్టి రెండు వైపులా ఏ మాట పని చేస్తుందో, ఏ మాట గాలికి పోతుందో కొంత తెలుసు.

మొదటి మాట. గంటల గొడవ వేరు, ప్రైవసీ గొడవ వేరు అనుకోకండి. మిమ్మల్ని నిమిషం నిమిషం కనిపెట్టే అటెండెన్స్ యాప్ ఉంది చూశారా, మీరు ఎన్ని గంటలు పని చేశారో చెప్పే సాక్షి కూడా అదే. అందుకే “ఈ యాప్ తీసేయండి” అని మొదలుపెట్టినవాళ్లకి దాదాపు ఏమీ దొరకదు. “ఈ యాప్‌లో ఉన్న నా గంటలు నాకూ చూపించండి” అని అడిగినవాళ్లకి ఎంతో కొంత దొరుకుతుంది, పైగా అలా అడిగాక ఆ యాప్‌ని మేనేజర్లే కాస్త జాగ్రత్తగా వాడటం మొదలుపెడతారు.

ముందు మీ కాగితం తీయండి

మీరు ఆ కంపెనీకి ఏమవుతారు? పార్ట్‌టైమ్ ఉద్యోగా, ఇంటర్నా, ట్రైనీయా, కమిషన్ మీద పనిచేసేవాళ్లా? చాలామందికి తెలీదు. గేటు దగ్గర ఒక పేరు కనిపిస్తుంది, జీతం వేసే కంపెనీ పేరు ఇంకోటి ఉంటుంది, ఎందుకంటే మధ్యలో ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీ ఉంటుంది. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో జీతం ఎవరి పేరుతో పడుతోందో చూడండి. వాదించాల్సింది ఎవరితోనో తేలకుండా మీటింగ్‌కి వెళ్తే “అది మా చేతుల్లో లేదు, ఏజెన్సీని అడగండి” అంటారు, ఏజెన్సీవాళ్లేమో “క్లయింట్ రూల్” అంటారు, మీరు మధ్యలో బంతిలా తిరుగుతారు.

కర్ణాటకలో షాపులు, ఆఫీసులకి వర్తించేది కర్ణాటక షాప్స్ అండ్ కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 1961. అందులో 6ఏ సెక్షన్ ప్రకారం అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇవ్వాలి. మీకు ఇవ్వకపోతే మొదట అడగాల్సింది అదే, గొడవగా కాకుండా “కాలేజీలో చూపించాలి” అని అడగండి చాలు. ఇచ్చిన కాగితంలో పని వేళలు, వారానికి ఎన్ని రోజులు, జీతం నెలకా గంటకా, నోటీసు ఎంత, డేటా గురించీ మానిటరింగ్ గురించీ ఏమైనా పేరా ఉందా, ఇవి గుర్తుపెట్టుకోండి. ఆ మానిటరింగ్ పేరా సాధారణంగా ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీరు సంతకం పెట్టిన పేజీ కూడా అదే అయ్యుంటుంది.

రెండోది, మీ లెక్క మీరు రాసుకోండి

యాప్ ఉంది కదా అని వదిలేయకండి. యాప్‌లో షిఫ్ట్ టైమ్ కనబడుతుంది, మీరు నిజంగా గేటు లోపల ఉన్న టైమ్ అన్ని యాప్‌లలోనూ కనబడదు. ఒక చిన్న నోట్‌బుక్ చాలు.

ఒక వారం ఎలా రాయాలో చూపిస్తాను. రోస్టర్‌లో 3 నుంచి 9 వరకు షిఫ్ట్, వారానికి 6 రోజులు. అంటే కాగితం మీద 36 గంటలు. కానీ 2:45కి బ్రీఫింగ్ అంటారు, నిలబెట్టి నిన్నటి కాల్స్ గురించి క్లాస్ పీకుతారు. 9కి లాగౌట్ బటన్ నొక్కినా తర్వాత షిఫ్ట్‌వాళ్లకి అప్పగించి, హెడ్‌సెట్ లెక్క సరిచూసి, బ్యాగ్ చెకింగ్ లైన్‌లో నిలబడి బయటపడేసరికి 9:20. రోజుకి 35 నిమిషాలు, 6 రోజులకి 210 నిమిషాలు, అంటే వారానికి మూడున్నర గంటలు. 4 వారాలకి 14 గంటలు. గంటకి 100 రూపాయలు అనుకుంటే నెలకి 1,400, మెస్ బిల్లులో ఎంత భాగమో మీరే లెక్కేసుకోండి. ఇది కాక ఆదివారం పొద్దున “క్విక్ కాల్” అని గూగుల్ మీట్‌లో గంట కూర్చోబెడితే అది వేరే రాయండి. ప్రతి రోజూ ఎంట్రీ పక్కన ఆ రోజు ఏ క్లాస్ మిస్ అయ్యారో కూడా రాయండి, ఎందుకో కింద చెప్తాను.

ఇలా ఒక నెల రాసిన నోట్‌బుక్ బల్ల మీద పెడితే మాట తీరే మారిపోతుంది. “అన్నా, చాలా ఎక్కువ పని చేయిస్తున్నారు” అంటే “అందరం చేస్తున్నాం తమ్ముడూ” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. “అన్నా, జూలైలో బ్రీఫింగ్, హ్యాండోవర్ కలిపి 14 గంటలు వచ్చింది, జీతం స్లిప్‌లో లేదు” అంటే ఆ మాటకి అలాంటి జవాబు కుదరదు.

మూడోది, చట్టం ఎంతవరకు పనికొస్తుందో తెలుసుకోండి

పైన చెప్పిన 1961 చట్టం ప్రకారం రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు. ఓవర్‌టైమ్ కలిపినా మామూలు రోజుల్లో 10 గంటలు దాటకూడదు, 3 నెలల్లో మొత్తం ఓవర్‌టైమ్ 50 గంటలు దాటకూడదు, దానికి రెట్టింపు జీతం ఇవ్వాలి. వారానికి ఒక పూర్తి రోజు సెలవు. ఈ గంటల్ని పెంచాలని 2024లో, మళ్లీ 2025లో ప్రతిపాదనలు వచ్చినప్పుడు కేఐటీయూ అనే ఐటీ ఉద్యోగుల యూనియన్ రోడ్డెక్కింది, పేపర్లలో చదివే ఉంటారు.

మనవాళ్లు తప్పుగా లెక్కేసేది ఇక్కడే. మీది 36 గంటల పార్ట్‌టైమ్ అయితే, పైన రాసిన మూడున్నర గంటలు కలిపినా 39న్నరే అవుతుంది. 48 దాటలేదు కాబట్టి ఆ చట్టం లెక్కన రెట్టింపు ఓవర్‌టైమ్ అడగడానికి లేదు. కానీ పని చేసిన గంటకి మామూలు జీతం రావాలి కదా, అడగాల్సింది అది. డబుల్ కావాలని మొదలుపెడితే హెచ్‌ఆర్ ఒక్క నిమిషంలో చట్టం చూపించి మిమ్మల్ని పంపించేస్తారు, అడగాల్సిన అసలు డబ్బు కూడా దాంతోపాటే పోతుంది.

స్టూడెంట్స్‌కి ఇంకా బాగా పనికొచ్చే రూల్స్ రెండు ఉన్నాయి, వాటిని ఎవరూ వాడరు. ఒకటి, గంట విరామం లేకుండా వరసగా 5 గంటలకి మించి పని చేయించకూడదు. మీకు 6 గంటల షిఫ్ట్‌లో 20 నిమిషాల టీ బ్రేక్ ఇస్తున్నారంటే అది సరిపోదు. అయితే గంట బ్రేక్ అడిగితే మీరు ఆఫీసులో ఉండాల్సింది 7 గంటలవుతుంది, ఆ గంటకి జీతం రాదు, పీజీలో రాత్రి భోజనం టైమ్ కూడా దాటిపోతుంది. కాబట్టి బ్రేక్ కోసం పోరాడటం కన్నా 5 గంటల షిఫ్ట్ అడగడం తెలివైన పని, దానికి వాళ్లు ఒప్పుకుంటే మీకు రోజుకి గంట చదువుకోడానికి మిగులుతుంది. రెండోది, ఒక రోజులో పని మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా, మధ్యలో ఖాళీ కలుపుకుని, 12 గంటలు దాటకూడదు. పొద్దున 7 నుంచి 10, మళ్లీ సాయంత్రం 6 నుంచి 10 అని కాలేజీకి ముందో ముక్క, తర్వాతో ముక్క వేస్తారు కదా, ఆ మొత్తం 15 గంటల పరిధి అవుతుంది. చేసే పని 7 గంటలే అయినా అది కుదరదు.

“మనది ఐటీ, మనకి లేబర్ చట్టాలు వర్తించవు” అనే మాట కచ్చితంగా వస్తుంది. కర్ణాటక ప్రభుత్వం ఐటీ, ఐటీఈఎస్ కంపెనీలకి ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చిన మినహాయింపు స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం (ఉద్యోగుల సర్వీసు నిబంధనలు రాసి పెట్టాలనే చట్టం) నుంచి. షాప్స్ చట్టంలోని పని గంటల నుంచి కాదు. గొంతు పెంచకుండా ఈ తేడా చెప్పండి, చాలామంది టీఎల్‌లకి నిజంగానే తెలీదు.

ఇక మన దేశంలో స్టూడెంట్ కాబట్టి వారానికి ఇన్ని గంటలే అనే ప్రత్యేక పరిమితి ఈ చట్టంలో లేదు. కానీ బయట ఉంది. మీ కజిన్ ఎవరో ఒకరు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండే ఉంటారు, అడగండి. అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చేయాలి. కెనడా 2024 నవంబర్ నుంచి క్యాంపస్ బయట పనికి 24 గంటలు చేసింది. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి రెండు వారాలకి 48 గంటలు. అవి వీసా రూల్స్, మనకి వర్తించవు, ఇక్కడి హెచ్‌ఆర్‌కి వాటితో పనీ లేదు. కానీ “చదువుకుంటూ వారానికి 24 గంటలు” అనే అంకె మీరు గాల్లోంచి తెచ్చింది కాదని చెప్పడానికి పనికొస్తుంది.

దీనికన్నా గట్టి అంకె మీ కాలేజీలోనే ఉంది. వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కాలేజీల్లో అటెండెన్స్ 85 శాతం ఉండాలి, మిగతావాటిలో చాలా చోట్ల 75. నోట్‌బుక్‌లో మిస్ అయిన క్లాసులు రాయమన్నది ఇందుకే. “ఈ రోస్టర్ ఇలాగే సాగితే నేను పరీక్ష రాయలేను, అప్పుడు మీకు మధ్యలో మనిషి ఖాళీ అవుతాడు” అని చెప్తే అది మీ బాధ మాత్రమే కాదు, మేనేజర్ రోస్టర్ సమస్య కూడా అవుతుంది.

నాలుగోది, ప్రైవసీ రూల్స్ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి

“మా ప్రైవసీ మీద దాడి” అని మొత్తం కలిపి మాట్లాడితే ఎవరూ వినరు. ఒక కాగితం మీద ఉన్న రూల్స్ అన్నీ రాసి విడదీయండి.

కొన్ని రూల్స్‌కి కారణం ఉంది. క్యాష్ కౌంటర్ మీద కెమెరా, కస్టమర్ల కార్డు నంబర్లు వినే ఫ్లోర్‌లో ఫోన్, పెన్ను, పేపర్ లేకుండా కూర్చోమనడం, కంపెనీ ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రికార్డింగ్. వీటి మీద వాదించి టైమ్ వృథా చేయకండి. ఫోన్ లాకర్‌లో పెట్టమంటే ఒక్కటే అడగండి, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే అమ్మానాన్న ఏ నంబర్‌కి చేయాలి, ఆ నంబర్ ఎత్తేదెవరు, నాకు వచ్చి చెప్పేదెవరు. ఇది చిన్నదే అనిపిస్తుంది కానీ ఊళ్లో ముసలివాళ్లు ఉన్నవాళ్లకి ఫోన్ లేని 6 గంటలు ఎంత టెన్షనో తెలుసు. దీనికి ఎవరూ కాదనరు, ఫ్లోర్ నంబర్ ఒకటి ఇస్తారు.

కొన్ని సౌకర్యం కోసం పెట్టినవి, వీటి మీదే అసలు చర్చ. మీ సొంత ఫోన్‌లో వాళ్ల యాప్ వేయమంటారు, ఆ యాప్ కాంటాక్ట్స్, గ్యాలరీ, 24 గంటల లొకేషన్ అడుగుతుంది. సెల్ఫీ అటెండెన్స్. వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే కెమెరా మొత్తం షిఫ్ట్ ఆన్‌లో ఉంచమనడం. ఆఖరిది ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే దీంట్లో మనవాళ్లు మంచి వాదన వదిలేస్తారు. త్రీ షేరింగ్ రూమ్‌లో మీ మంచం పక్కన ఇంకో రెండు మంచాలు ఉంటాయి. ఒకడు స్నానం చేసి టవల్‌తో వస్తాడు, ఇంకొకడు నిద్రపోతుంటాడు, గోడ మీద వాడి ఇంటర్నల్స్ టైమ్‌టేబుల్, తాడు మీద బట్టలు. వాళ్లిద్దరూ ఆ కంపెనీ ఉద్యోగులు కారు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. “నాకు అభ్యంతరం లేదు సర్, కానీ నా రూమ్మేట్స్‌ని మీ సర్వర్‌లో రికార్డ్ చేయడానికి నేను ఒప్పుకోలేను, వాళ్లు ఒప్పుకోలేదు” అనండి. లాగిన్ అప్పుడు ఒకసారి, షిఫ్ట్ మధ్యలో అడిగినప్పుడు ఒకసారి కెమెరా ఆన్ చేస్తాను అని ప్రత్యామ్నాయం కూడా మీరే ఇవ్వండి. చాలా చోట్ల ఇది సరిపోతుంది.

లొకేషన్ గురించి అయితే “షిఫ్ట్‌లో ఉన్నప్పుడు మాత్రమే” అనే ఆప్షన్ ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంది, “యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అనుమతించు” అని. ముందు అది పెట్టి చూడండి. యాప్ పనిచేస్తే వాదన అక్కర్లేదు. పనిచేయకపోతే, ఆ స్క్రీన్‌షాట్ తీసి మీటింగ్‌కి తీసుకెళ్లండి.

ఇంకొన్ని వాళ్లకి సంబంధం లేనివి. సెమిస్టర్ మార్కులు గ్రూప్‌లో పెట్టమనడం, ఇన్‌స్టా పాస్‌వర్డ్, ఆడపిల్లల్ని నెలసరి సెలవుకి కారణం అందరి ముందు చెప్పమనడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం. ఒరిజినల్స్ ఎవరు అడిగినా చూపించి వెనక్కి తీసుకోండి, జిరాక్స్ ఇవ్వండి. ఆధార్ జిరాక్స్ అడిగితే మొదటి 8 అంకెలు దాచేసిన మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లోనే దొరుకుతుంది, అది ఇవ్వండి. పీఎఫ్ ఖాతాకి ఆధార్ కావాలంటే అది వేరే సంగతి, అక్కడ పూర్తి నంబర్ ఇవ్వక తప్పదు.

బట్టలు మార్చుకునే గదిలోనో బాత్రూమ్‌లోనో కెమెరా కనబడితే మాత్రం ఇది చర్చించే విషయం కానే కాదు. టీఎల్‌కి చెప్పి కూర్చోకండి, 112కి ఫోన్ చేయండి. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద అది నేరం.

ఇంతకీ ప్రైవసీ చట్టం పేరు చెప్పాలా? చెప్పొచ్చు, కాస్త చూసి చెప్పాలి. 2017 ఆగస్టు 24న 9 మంది జడ్జీల సుప్రీంకోర్టు బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కే అంది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన బెంగళూరు పెద్దాయనే. కానీ ప్రాథమిక హక్కులు ముఖ్యంగా ప్రభుత్వం మీద నిలబడతాయి, ప్రైవేట్ కంపెనీ హెచ్‌ఆర్ ముందు ఆ తీర్పు పేరు ఎత్తితే ఆయన నవ్వి ఊరుకుంటాడు. తీర్పులోని ఆలోచన మాత్రం తీసుకోండి. అవసరం ఉందా, అవసరానికి తగినంతే తీసుకుంటున్నారా?

కంపెనీలకి నేరుగా తగిలేది డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023. దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే దాకా. ఇందులో మనకి ఒక చిక్కు ఉంది. ఉద్యోగ అవసరాల కోసం అయితే విడిగా అనుమతి లేకుండానే డేటా వాడుకునే వీలు 7వ సెక్షన్ ఇస్తుంది. కాబట్టి “నేను అనుమతి ఇవ్వలేదు” అన్న వాదన కొంచెం బలహీనం. “ఇది ఉద్యోగానికి ఎలా అవసరం?” అన్న ప్రశ్న బలమైనది. నా గ్యాలరీలో ఉన్న చెల్లెలి పెళ్లి ఫొటోలతో మీ టెలికాలింగ్‌కి పనేంటి? దీనికి జవాబు లేదు. ఇంకో మంచి విషయం, అనుమతి అడిగినప్పుడు ఇచ్చే నోటీసుని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఉండాలని ఈ చట్టం చెప్తోంది, తెలుగు అందులో ఉంది.

సెక్షన్ నంబర్లు గుర్తుండకపోయినా పర్లేదు. ప్రతి రూల్‌కీ నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఇది ఎందుకు, ఏమేం తీసుకుంటున్నారు, ఎవరెవరు చూస్తారు, ఎప్పుడు తీసేస్తారు. నా అనుభవంలో మూడో ప్రశ్న దగ్గరే అందరూ తడబడతారు.

ఐదోది, ముందు మీలో మీరు వాదించుకోండి

మేనేజర్‌తో కన్నా కష్టమైన చర్చ ఇది. ఎందుకంటే మీ టీమ్‌లో అందరికీ ఒకటే అవసరం ఉండదు. ఒకడికి ఫీజు కట్టాలి, వాడికి గంటలు ఎక్కువ కావాలి, ఆదివారం కూడా వస్తానంటాడు. ఇంకో అమ్మాయికి ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్, ఆమెకి గంటలు తగ్గాలి. ఇద్దరూ కలిసి వెళ్లి “గంటలు తగ్గించండి” అంటే మొదటివాడి పొట్ట కొట్టినట్టే, వాడు మర్నాడే టీఎల్ దగ్గరికెళ్లి “నాకేం ఇబ్బంది లేదన్నా” అంటాడు, అంతటితో అయిపోయింది. కాబట్టి అందరికీ గంటలు తగ్గించమని అడగకండి. “రోస్టర్ రెండు వారాల ముందు ఇవ్వండి, పరీక్షల వారంలో షిఫ్ట్ వద్దన్నవాళ్లకి వేయకండి, వాళ్ల షిఫ్ట్‌లు కావాలన్నవాళ్లకి ఇవ్వండి, చేసిన ప్రతి గంటా స్లిప్‌లో చూపించండి” అని అడగండి. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

ఈ మాటలు ఆఫీస్ వాట్సాప్ గ్రూప్‌లో, కంపెనీ ల్యాప్‌టాప్‌లో వద్దు. పీజీ మేడ మీదో, షిఫ్ట్ అయ్యాక టీ కొట్టు దగ్గరో మాట్లాడుకోండి. మాట్లాడేవాళ్లు ఇద్దరు చాలు, వీలైతే అందులో ఒకరు కన్నడమో తమిళమో మాట్లాడేవాళ్లు ఉండాలి, లేదంటే “తెలుగోళ్ల గ్యాంగ్” అనే ముద్ర వేసి విషయాన్ని పక్కన పెట్టేస్తారు. కోపం తొందరగా వచ్చేవాణ్ని పంపకండి, వాడు ఎంత బాగా మాట్లాడినా సరే.

టీఎల్ మన తెలుగువాడే అయితే ఇంకో రకం చిక్కు. “మన నెల్లూరోడివే కదా, నేను చూసుకుంటాలే, హెచ్‌ఆర్ దాకా ఎందుకు, స్వల్ప అడ్జస్ట్ మాడి (కన్నడలో ‘కొంచెం సర్దుకోండి’)” అని భుజం మీద చెయ్యి వేస్తాడు, బిర్యానీ కూడా పెట్టిస్తాడు. మంచివాడే అయ్యుండొచ్చు. బిర్యానీ తినండి, ఆ తర్వాత “సరే అన్నా, మీరు చూసుకుంటానన్నది ఒక మెయిల్‌లో పెట్టండి, నేను మిగతావాళ్లకి చూపిస్తాను” అని అడగండి.

మాట్లాడే రోజు

టైమ్ ముఖ్యం. దసరా, దీపావళి సేల్ వారంలో షాపులోనూ, నెలాఖరు టార్గెట్ల రోజుల్లో టెలికాలింగ్‌లోనూ ఎవరికీ వినే ఓపిక ఉండదు. సెమిస్టర్ మొదట్లో, కాలేజీ క్యాలెండర్ రాగానే వెళ్లండి, ఇంటర్నల్స్ ఎప్పుడో, ల్యాబ్ పరీక్షలు ఎప్పుడో మార్కర్‌తో గీసి ఇవ్వండి. పరీక్షకి రెండు రోజుల ముందు సెలవడిగితే బతిమాలినట్టు ఉంటుంది, రెండు నెలల ముందు తేదీలు ఇస్తే ఆ సంగతి రోస్టర్‌లోకి వెళ్తుంది.

మొదట మీరు ఒప్పుకునేవి చెప్పండి. “ఫోన్ లాకర్ రూల్ మాకు ఓకే సర్, కారణం అర్థమైంది.” ఆ తర్వాత ఒక్కటి అడగండి, పది కాదు. వాళ్ల నుంచి వచ్చే మాటలు ఎప్పుడూ ఒకలాగే ఉంటాయి. “ఎక్స్‌పీరియన్స్ వస్తుంది కదమ్మా” అంటే, “వస్తోంది మేడం, అందుకే ఉండాలనుకుంటున్నాం, ఉండగలిగేలా రోస్టర్ అడుగుతున్నాం” అనండి. “క్లయింట్ రూల్, మేమేం చేయలేం” అంటే, “ఆ రూల్‌లో మాకు సంబంధించిన పేరా ఒక్కటి చూపిస్తారా” అని అడగండి, చాలాసార్లు క్లయింట్ అడిగింది తక్కువ, మధ్యలోవాళ్లు కలిపింది ఎక్కువ. “దాచడానికి ఏమీ లేకపోతే భయమెందుకు” అన్నది అందరికన్నా చిరాకు పుట్టించే మాట. దానికి వాదన పెట్టుకోకండి, “దాచేది ఏం లేదు సర్, ఎవరు చూస్తారో తెలిస్తే చాలు” అని మళ్లీ మూడో ప్రశ్న దగ్గరికే రండి. “నచ్చకపోతే మానేయ్” అంటే ఆ క్షణంలో జవాబివ్వకండి. “ఆలోచించుకుని రేపు చెప్తాం” అని లేచి రండి.

మీటింగ్‌ని దొంగచాటుగా రికార్డ్ చేసి రీల్ పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ముందే ఆపండి. ప్రైవసీ కావాలని వెళ్లి అదే చేస్తే ఇక మీ మాటకి విలువేముంటుంది?

అదే రోజు రాత్రి మెయిల్ పెట్టాలి. ఇంగ్లీషులోనే రాస్తారు ఎలాగూ, విషయం మాత్రం ఇంతే ఉండాలి: “ఈ రోజు మాట్లాడినందుకు థ్యాంక్స్. మనం అనుకున్నవి: రోస్టర్ రెండు వారాల ముందు వస్తుంది. బ్రీఫింగ్ టైమ్ వచ్చే నెల నుంచి లాగిన్‌లో కలుస్తుంది. అటెండెన్స్ యాప్‌లో మా గంటల రిపోర్ట్ నెలకోసారి ఇస్తారు. లొకేషన్ గురించి 15వ తేదీలోగా చెప్తామన్నారు. నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే చెప్పండి.” కోపం, బాధ, విశేషణాలు ఏవీ వద్దు. కంపెనీ మెయిల్ నుంచి పంపినా మీ సొంత మెయిల్‌కి కాపీ పెట్టుకోండి, అందులో కస్టమర్ల వివరాలు లేకుండా చూసుకుని.

కుదరకపోతే

ఉద్యోగం కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ ద్వారా వచ్చిందైతే ముందు అక్కడ చెప్పండి, కంపెనీలకి వచ్చే ఏడాది కూడా అదే క్యాంపస్ కావాలి కాబట్టి ప్లేస్‌మెంట్ సార్ చేసే ఒక్క ఫోన్ మీ నాలుగు మెయిల్స్‌తో సమానం. ఐటీ, బీపీఓ అయితే కేఐటీయూ వాళ్లని కలవొచ్చు. షాప్స్ చట్టం విషయాలు లేబర్ డిపార్ట్‌మెంట్‌వి, ఆఫీస్ బన్నేరుఘట్ట రోడ్డులో డైరీ సర్కిల్ దగ్గర కార్మిక భవన్. మీ ఏరియా లేబర్ ఇన్‌స్పెక్టర్ ఎవరో అక్కడ చెప్తారు. నోట్‌బుక్, స్లిప్స్, మెయిల్ ప్రింట్ తీసుకెళ్లండి, కన్నడ రాయగలిగిన ఫ్రెండ్‌ని వెంట తీసుకెళ్తే పని తొందరగా అవుతుంది. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడపిల్లలైతే ఎవరి ఆదాయంతోనూ పని లేకుండా అది దొరుకుతుంది. లైంగిక వేధింపుల సంగతి అయితే 2013 చట్టం ఇంటర్న్‌లకీ ట్రైనీలకీ కూడా వర్తిస్తుంది, 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి, “నువ్వు పర్మినెంట్ కాదు కదా” అనే మాట చెల్లదు.

మానేయాలని తేల్చుకుంటే నోటీసు మెయిల్‌లో ఇచ్చి మానేయండి, చెప్పకుండా ఫోన్ స్విచ్ఛాఫ్ చేయకండి, జీతం ఆపడానికి వాళ్లకి అదే సాకు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా తీసేసినా రావాల్సిన జీతం 2 పనిదినాల్లో ఇవ్వాలి, కాబట్టి “45 రోజులు పడుతుంది” అంటే ఈ మాట గుర్తుచేయండి. గ్రూప్ నుంచి తీసేసేలోపే రోస్టర్ ఫొటోలు, షిఫ్ట్ మెసేజ్‌లు దాచుకోండి, కస్టమర్ల పేర్లూ నంబర్లూ ఉన్నవి మాత్రం ఒక్కటి కూడా ఉంచుకోకండి. ఫోన్‌లో వాళ్ల యాప్‌కి ఇచ్చిన పర్మిషన్లు ముందు తీసేసి, మీ గంటల రిపోర్ట్ డౌన్‌లోడ్ అయిందని చూసుకున్నాకే యాప్ తీయండి. పీఎఫ్ కట్ అయి ఉంటే మీ పీఎఫ్‌కి ఇచ్చే యూఏఎన్ నంబర్ అడిగి రాసుకోండి, తర్వాత కంపెనీలో అదే కావాలి.